కొత్త డిస్కుకు లెడ్జరు తెరవడం – ఎం.కె.ఎఫ్.ఎస్. కమాండు పాఠం

 

మన ట్రస్టు ఉపకార వేతనం అందుకుంటున్న పిల్లల్లో పాలిటెక్నిక్, బి.సి.ఎ., బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదివేవారు చాలామందే ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో ఉన్న కంప్యూటరు సాధారణంగా కొత్తది కాదు. ఏదో ఆఫీసులో ఏడెనిమిదేళ్ళు పనిచేసి బయటకు వచ్చిన పాత యంత్రం. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు ఉచిత మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాలను కొందరు తక్కువ ధరకు ఇచ్చేస్తున్నారు. అలాంటి దాంట్లో లైనక్స్ వేసుకుని చదువుకోవడం మంచి పనే, నేను ప్రోత్సహిస్తాను కూడా. అయితే లైనక్స్ నేర్చుకునే పిల్లవాడి చేతికి త్వరలోనే ఒక కమాండు వస్తుంది. ఒక్క లైను. నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషంలో ఒక ఖాళీ డిస్కు పనికొచ్చేదిగా మారవచ్చు, లేదా ఇంటిల్లిపాది ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, నాన్నగారి వ్యాపారం లెక్కలు మాయం కావచ్చు. ఆ కమాండు పేరు ఎం.కె.ఎఫ్.ఎస్. 'మేక్ ఫైల్ సిస్టమ్' అనే మాటలకు పొట్టి పేరు.

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా లెడ్జర్లు వ్రాసినవాణ్ణి. కంప్యూటర్లు రాకముందు చేతివ్రాత లెడ్జర్లతో బ్యాంకు ఎలా నడిచిందో తెలిసినవారికి ఫైల్ సిస్టమ్ అర్థం కావడం కష్టం కాదు. అందుకే ఈ పాఠాన్ని ఆ భాషలోనే చెబుతాను.

ముందుగా ఒక మనవి. ఈ బులెటిన్‌లో అంతా తెలుగు లిపిలోనే వేస్తున్నాము. కనుక కమాండ్లను అక్షరాల పేర్లతో ఇస్తున్నాను. చిన్న గీతతో కలిపిన అక్షరాలన్నీ ఒకే మాట. ఉదాహరణకు ఎల్-ఎస్-బి-ఎల్-కె అంటే ఆ అయిదు ఇంగ్లీషు అక్షరాలను విడవకుండా టైపు చేయాలి. అన్నీ చిన్న అక్షరాలే. పెద్ద అక్షరం కావలసిన చోట 'పెద్ద' అని చెబుతాను. 'మైనస్' అంటే అడ్డగీత, 'స్లాష్' అంటే ఏటవాలు గీత, 'చుక్క' అంటే ఫుల్‌స్టాప్. మైనస్ తరువాత వచ్చే అక్షరం దానికి అంటుకునే ఉండాలి.

ఖాళీ కాగితాలు, లెడ్జరు

కొత్త డిస్కు అంటే వరుస నంబర్లు వేసిన ఖాళీ కాగితాల గుట్ట. అంతకు మించి ఏమీ లేదు. ఏ కాగితం మీద ఎవరి సంగతి వ్రాశామో, ఏది ఖాళీగా ఉందో ఆ గుట్టకు తెలియదు. ఖజానా నిండా డబ్బుండి, అది ఎవరిదో చెప్పే పుస్తకం లేని బ్యాంకు ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ పుస్తకాలను తెరిచి, మొదటి పేజీ వ్రాసి, ఫోలియో నంబర్లు వేసి సిద్ధం చేయడమే ఫైల్ సిస్టమ్ సృష్టించడం.

మూడు మాటలను పిల్లలు కలగాపులగం చేస్తుంటారు. పార్టిషన్ అంటే గోడ కట్టి గదులు చేయడం. ఫైల్ సిస్టమ్ అంటే ఒక్కొక్క గదిలో లెడ్జర్లు తెరవడం. మౌంట్ అంటే ఆ గది తలుపు తీసి కౌంటరు ప్రారంభించడం. గోడలు కట్టే పని ఎఫ్-డిస్క్ అనే ప్రోగ్రాముతో గాని, బొమ్మల తెర ఉన్న జి-పార్టెడ్‌తో గాని చేస్తారు. ఈ పాఠంలో మన పని రెండోది.

లెడ్జర్లలో రకరకాలు ఉన్నట్లే ఫైల్ సిస్టమ్‌లలోనూ ఉన్నాయి. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఇ.ఎక్స్.టి.4 అనే దాన్ని తీసుకుందాం. దీని వంశవృక్షం చిన్నదే. 1993లో రెమీ కార్డ్ అనే ఫ్రెంచి ఆయన ముఖ్య పాత్రతో ఇ.ఎక్స్.టి.2 వచ్చింది. దానికి స్టీఫెన్ ట్వీడీ చేర్చిన జర్నల్‌తో ఇ.ఎక్స్.టి.3 అయి 2001లో లైనక్స్ కెర్నెల్‌లో చేరింది. ఇ.ఎక్స్.టి.4 ను 2008 డిసెంబరులో వచ్చిన 2.6.28 కెర్నెల్‌లో వాడుకకు సిద్ధమని ప్రకటించారు. ఈ సిస్టమ్‌లను సృష్టించే, సరిచేసే పనిముట్ల సంచి పేరు ఇ-2-ఎఫ్-ఎస్-ప్రాగ్స్. చాలా ఏళ్ళుగా దాన్ని చూసుకుంటున్నది థియొడోర్ త్సో.

డిస్కు లేకుండా అభ్యాసం

కత్తి పట్టడం నేర్చుకునేవాడికి మొదట అరటి బోదె ఇస్తారు. మనకూ అలాంటిది ఒకటి ఉంది. నిజమైన డిస్కు జోలికి పోకుండా, ఒక మామూలు ఫైలులోనే ఫైల్ సిస్టమ్ తయారుచేసుకోవచ్చు. లైనక్స్ దాన్నీ డిస్కులాగే చూస్తుంది. పొరబాటు జరిగితే ఆ ఫైలు ఒక్కటే పోతుంది. తల్లిదండ్రులు నిశ్చింతగా పిల్లలను కూర్చోబెట్టవచ్చు.

టెర్మినల్ తెరిచి మొదట ఇది టైపు చేయండి:

టి-ఆర్-యు-ఎన్-సి-ఎ-టి-ఇ మైనస్ ఎస్ (ఒక ఖాళీ) 1-పెద్ద జి (ఒక ఖాళీ) ఎల్-ఇ-డి-జి-ఇ-ఆర్

దీంతో 'లెడ్జర్' అనే పేరుతో 1 జీబీ పొడవున్న ఖాళీ ఫైలు వస్తుంది. పొడవు 1 జీబీ అని చూపిస్తుంది గాని, ఏమీ వ్రాయనంతవరకు డిస్కులో నిజంగా ఆ చోటు తినదు. ఇప్పుడు అసలు కమాండు:

ఎం-కె-ఎఫ్-ఎస్-చుక్క-ఇ-ఎక్స్-టి-4 (ఒక ఖాళీ) ఎల్-ఇ-డి-జి-ఇ-ఆర్

కొన్ని యంత్రాలలో 'కమాండు దొరకలేదు' అంటుంది. అప్పుడు ముందు స్లాష్-ఎస్-బి-ఐ-ఎన్-స్లాష్ చేర్చి, ఖాళీ వదలకుండా అదే కమాండు ఇవ్వండి. షేర్ మార్కెట్ చూసే తండ్రులకు ఎస్.బి.ఐ.ఎన్. అంటే స్టేట్ బ్యాంకు షేరు గుర్తు. ఇక్కడ అది సిస్టమ్ పనిముట్లు దాచే అర పేరు.

చుక్క తరువాత రకం పేరు తప్పకుండా వ్రాయండి. ఉత్త ఎం.కె.ఎఫ్.ఎస్. అని ఇస్తే అది పాతకాలపు ఇ.ఎక్స్.టి.2 ను తయారుచేస్తుంది. దాంట్లో జర్నల్ ఉండదు.

తెర మీద కొన్ని లైన్లు వస్తాయి. చాలామంది వాటిని చదవకుండా ముందుకు పోతారు. పాఠమంతా ఆ లైన్లలోనే ఉంది. అందులో ముఖ్యమైనవి ఇవి: ఒక్కొక్కటి 4 కేబీ చొప్పున 2,62,144 బ్లాకులు, 65,536 ఐనోడ్లు, సూపర్‌బ్లాకు నకళ్ళు 32,768, 98,304, 1,63,840, 2,29,376 నంబర్ల బ్లాకులలో దాచబడినవి, 8,192 బ్లాకుల జర్నల్. యు.యు.ఐ.డి. అనే పొడవాటి గుర్తింపు సంఖ్య కూడా ఉంటుంది, దాని సంగతి తరువాత.

బ్లాకు అంటే లెడ్జరులో ఒక పేజీ. పేజీ పరిమాణం 4096 బైట్లు. 1 జీబీని 4096తో భాగిస్తే సరిగ్గా 2,62,144. కాలిక్యులేటరుతో సరిచూసుకోండి. ఒక్క అక్షరమే ఉన్న ఫైలుకు కూడా మామూలుగా ఒక పేజీ పూర్తిగా కేటాయిస్తారు. మిగతా పేజీ ఖాళీగానే ఉంటుంది.

సూపర్‌బ్లాకు అంటే లెడ్జరు మొదటి పేజీ. మొత్తం పేజీలు ఎన్ని, పేజీ సైజు ఎంత, ఎన్ని ఖాళీ, ఫోలియోలు ఎన్ని అన్నవి అక్కడ ఉంటాయి. అది చిరిగితే మొత్తం పుస్తకమే చదవడానికి రాదు. అందుకే నకళ్ళు. వాటిని ఆ నంబర్లలోనే ఎందుకు పెట్టారు? ఏ పేజీ ఖాళీ, ఏది నిండింది అని గుర్తు పెట్టే పట్టీకి ఒక బ్లాకు కేటాయిస్తారు. బ్లాకులో 4096 బైట్లు, బైటుకు 8 బిట్లు, అంటే 32,768 బిట్లు. బిట్టుకు ఒక పేజీ చొప్పున 32,768 పేజీల లెక్క ఒక పట్టీలో పడుతుంది. ఆ 32,768 పేజీలను ఒక గ్రూపు అంటారు. అది 128 ఎంబీ. మన లెడ్జరులో 8 గ్రూపులు, 0 నుంచి 7 వరకు. నకళ్ళను 1వ గ్రూపులోను, ఇంకా 3, 5, 7 ల ఘాతాంకాలైన గ్రూపులలోను పెడతారు. మనకు 1, 3, 5, 7 గ్రూపులు వచ్చాయి. వాటి ఆరంభ పేజీలే తెర మీద కనబడిన నంబర్లు. ఒకే చోట దెబ్బ తగిలితే అన్ని నకళ్ళూ పోకూడదని ఈ ఏర్పాటు. అసలు పేజీ పాడైనప్పుడు ఇ-2-ఎఫ్-ఎస్-సి-కె అనే ప్రోగ్రాముకు నకలు నంబరు చెబితే దాన్ని చూసి అసలును తిరిగి వ్రాసి పెడుతుంది.

ఫోలియో సంగతి

ఐనోడ్ అంటే ఫోలియో. ఒక్కొక్క ఫైలుకు ఒక ఫోలియో. ఆ ఫైలు సైజు, యజమాని ఎవరు, ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎప్పుడు మారింది, దాని సమాచారం ఏయే పేజీలలో ఉంది అన్నవి అక్కడ ఉంటాయి. ఒక్కటి మాత్రం ఉండదు: ఫైలు పేరు. పేరు ఫోల్డరులో ఉంటుంది, దాని పక్కనే ఫోలియో నంబరు ఉంటుంది. మా రోజుల్లో లెడ్జరుకు వేరుగా అక్షర క్రమంలో ఇండెక్సు ఉండేది, సరిగ్గా అలాగే. ఖాతాదారు పెళ్ళయి ఇంటిపేరు మారితే ఇండెక్సులో పేరు దిద్దేవాళ్ళం, నిలువ ఉన్న సొమ్మును కదిపే పని ఉండేది కాదు. 2 జీబీ సినిమా ఫైలు పేరు మార్చినా క్షణంలో అయిపోవడానికి కారణం ఇదే.

ఈ ఫోలియోల సంఖ్య లెడ్జరు తెరిచిన రోజునే ఖాయమవుతుంది. ప్రతి 16,384 బైట్లకు ఒకటి అన్నది మామూలు లెక్క. అలా మనకు 65,536 వచ్చాయి. తరువాత డిస్కునే పెద్దది చేసి ఫైల్ సిస్టమ్‌ను సాగదీస్తే తప్ప ఇవి పెరగవు. లక్షల కొద్దీ బుల్లి ఫైళ్ళు పెట్టేవారికి ఇక్కడ చిక్కు వస్తుంది. చోటు ఉంటుంది, కాని 'చోటు లేదు' అని కంప్యూటరు మొరాయిస్తుంది. కారణం పేజీలు కాదు, ఫోలియోలు అయిపోవడం. డి-ఎఫ్ మైనస్ ఐ అనే కమాండు ఈ లెక్క చూపిస్తుంది. ఇంటర్వ్యూలలో అడగడానికి అనువైన ప్రశ్న, గుర్తుంచుకోండి.

కొన్న చోటు, దొరికే చోటు

డిస్కు కొని తెచ్చిన ప్రతి తండ్రీ అడిగే ప్రశ్న: '500 జీబీ అని డబ్బు తీసుకున్నాడు, కంప్యూటరు 465 అంటోంది, మోసమా?' మోసం కాదు. తయారీదారు జీబీ అంటే 100 కోట్ల బైట్లు. కంప్యూటరు చాలా చోట్ల 1024ను మూడుసార్లు గుణించిన సంఖ్యను జీబీ అంటుంది. 500ను ఆ కొలతలోకి మార్చితే 465.66. తులానికీ పది గ్రాములకూ ఉన్న తేడా లాంటిది. ఈ పాఠంలో మన లెడ్జరు కొలతలు రెండో రకానివి.

ఆ తరువాత లెడ్జరు ఖర్చు. మన 1024 ఎంబీలో జర్నల్‌కు 32 ఎంబీ (8,192 బ్లాకులు, బ్లాకుకు 4 కేబీ). ఫోలియోల పట్టికకు 16 ఎంబీ (65,536 ఫోలియోలు, ఒక్కొక్కటి 256 బైట్లు). చిల్లర మరికొంత. మౌంట్ చేసి డి-ఎఫ్ మైనస్ హెచ్ అని అడిగితే మొత్తం 974 ఎంబీ ప్రాంతం, వాడుకోవడానికి 907 ప్రాంతం చూపిస్తుంది. వెర్షన్లను బట్టి ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు.

ఖాళీ లెడ్జరులో మళ్ళీ ఈ 67 తేడా ఏమిటి? బ్యాంకులు తమ డిపాజిట్లలో కొంత భాగాన్ని రిజర్వు బ్యాంకు వద్ద ఉంచాలి కదా. ఇక్కడా అలాంటి నిల్వ ఉంది. 5 శాతం పేజీలను రూట్ అనే పెద్ద అధికారికి కేటాయించి పెడతారు. మనకది 13,107 బ్లాకులు, దాదాపు 51 ఎంబీ. ఎవరో డిస్కును పూర్తిగా నింపేసినా కంప్యూటరు కదలకుండా నిలిచిపోకూడదని ఇది. దానికి తోడు కెర్నెల్ తన అవసరానికి ఇంకో 16 ఎంబీ పక్కన పెట్టుకుంటుంది. లైనక్స్ నడిచే డిస్కుకు ఈ 5 శాతం నిల్వ అవసరమే. కాని కేవలం పాఠాలు, ఫోటోలు దాచే డిస్కుకు అంత దండగ. 500 జీబీ డిస్కులో అది సుమారు 23 జీబీ. అలాంటప్పుడు కమాండులో మైనస్ ఎం, తరువాత ఖాళీ, తరువాత 1 అని చేర్చితే 1 శాతమే ఉంచుతుంది. మరిచిపోయినా భయం లేదు. టి-యు-ఎన్-ఇ-2-ఎఫ్-ఎస్ అనే కమాండుతో తరువాత కూడా తగ్గించవచ్చు.

డే బుక్కు

జర్నల్ అనే మాట కామర్స్ పిల్లలకు చెప్పనక్కరలేదు. జరిగిన లావాదేవీని ముందు జర్నల్‌లో వ్రాసి, తరువాత లెడ్జరుకు పోస్టు చేస్తాము. ఇక్కడా అదే. ఫైలు ఒకటి పెరిగితే ఫోలియో మారాలి, ఖాళీ పేజీల పట్టీ మారాలి, ఫోల్డరు మారాలి. మూడు చోట్ల వ్రాయాలి. రెండు వ్రాసి మూడోది వ్రాసేలోపు కరెంటు పోతే లెడ్జరు టాలీ కాదు. ఇ.ఎక్స్.టి.2 కాలంలో ఇలా జరిగితే తిరిగి పెట్టినప్పుడు డిస్కు మొత్తం తనిఖీ చేయవలసి వచ్చేది, పెద్ద డిస్కుకు అది గంటల పని. జర్నల్ వచ్చాక చివరి కొన్ని పద్దులు చూసి, పూర్తయినవాటిని పోస్టు చేసి, సగంలో ఆగినవాటిని వదిలేస్తే సరిపోతుంది.

ఒక భ్రమ మాత్రం వద్దు. మామూలు అమరికలో జర్నల్‌లోకి వెళ్ళేది లెడ్జరు పద్దులే, మీరు వ్రాసిన వ్యాసం కాదు. కరెంటు పోయినా పుస్తకాలు టాలీ అవుతాయని దాని హామీ. మీరు సేవ్ చేయని మూడు పేజీలు ఉంటాయని కాదు.

అసలు డిస్కు దగ్గర

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. లైనక్స్‌లో డిస్కులకు ఎస్-డి-ఎ, ఎస్-డి-బి, ఎస్-డి-సి అని పేర్లు వస్తాయి. పార్టిషన్‌కు చివర అంకె. ఎస్-డి-బి-1 అంటే రెండో డిస్కులో మొదటి గది. కొత్తరకం ఎన్.వి.ఎం.ఇ. డిస్కుల పేర్లు ఇంకా పొడవుగా ఉంటాయి. ఈ పేర్లు శాశ్వతం కావు. నిన్న ఎస్-డి-బి అయిన డిస్కు ఈ రోజు ఎస్-డి-సి కావచ్చు. కనబడిన వరుసలో టోకెన్లు ఇచ్చినట్లు, అంతే.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో డిప్లొమా చదివే అబ్బాయి కొత్త డిస్కు తెచ్చుకున్నాడు, 1 టీబీ. ఇంట్లో అప్పటికే ఉన్నది కూడా 1 టీబీయే. దాంట్లో తొమ్మిదేళ్ళ ఫోటోలు, వాళ్ళ నాన్న టైలరింగ్ షాపు లెక్కలు. రెండూ తగిలించి ఉన్నాయి. ముందురోజు కాగితం మీద వ్రాసుకున్న పేరు చూసి కమాండు కొట్టాడు. కంప్యూటరు ఆగి అడిగింది. ఇందులో ఎన్.టి.ఎఫ్.ఎస్. ఫైల్ సిస్టమ్ ఉంది, దాని పేరు ఫలానా, అయినా ముందుకు సాగాలా అని. కొత్త డిస్కు ఖాళీ కదా, అందులో పేరు ఎలా ఉంటుంది? ఆ ఒక్క లైను చదివితే చాలు. అతడు వై కొట్టాడు. తరువాత ఫోటో-రెక్ అనే ప్రోగ్రాముతో చాలా ఫోటోలు వెనక్కి వచ్చాయి. కాని పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. చెల్లెలి అక్షరాభ్యాసం, తాతగారి దినం, కాలేజీ ఎక్స్‌కర్షన్ అన్నీ ఒకే కుప్పలో. కాగితాలు మిగిలి ఇండెక్సు కాలిపోతే ఎలా ఉంటుందో అలా. షాపు లెక్కలు సగం కూడా రాలేదు.

బ్యాంకులో ఒక నియమం ఉండేది, ఇప్పటికీ ఉంది. వోచరు వ్రాసినవాడు దాన్ని తానే పాస్ చేయకూడదు. ఎంత తెలివైనవాడైనా సరే. తన చేతివ్రాతలో తప్పు తన కంటికి ఆనదు. ఈ నియమాన్ని ఇంట్లో పెట్టమని తల్లిదండ్రులను కోరుతున్నాను. మీకు కంప్యూటరు రానక్కరలేదు. అంకెలు చదవడం వస్తే చాలు.

పద్ధతి ఇది. కొత్త డిస్కు తగిలించక ముందు పిల్లవాడు ఎల్-ఎస్-బి-ఎల్-కె మైనస్ ఎఫ్ అని కొట్టి, వచ్చిన జాబితాను కాగితం మీద వ్రాయాలి. తరువాత కొత్తది తగిలించి మళ్ళీ అదే కమాండు. రెండోసారి కొత్తగా వచ్చిన పేరే మనది. పేరు, పాత ఫైల్ సిస్టమ్ ఉంటే దాని రకం, లేబుల్ పైకి చదవాలి. మైనస్ ఎఫ్ లేకుండా కొడితే సైజు కూడా చూపుతుంది, అదీ చదవాలి. పక్కన కూర్చున్న అమ్మగాని నాన్నగాని డిస్కు మీది స్టిక్కరుతోను, మొదటి కాగితంతోను సరిచూసి 'సరే' అనాలి. సైజు కలవకపోయినా, ఖాళీ అనుకున్నదానిలో ఏదో పేరు కనబడినా 'వద్దు, ఆగు' అనాలి. ఇంకా మంచిది, ఈ పనికి అవసరం లేని బయటి డిస్కులన్నీ ఊడదీసి పెట్టడం. లేని డిస్కు చెరిగిపోదు.

'సరే' వచ్చాక, ఆ పార్టిషన్ ఇప్పటికే మౌంట్ అయి ఉంటే యు-ఎం-ఓ-యు-ఎన్-టి కమాండుతో మూయాలి. కౌంటరు నడుస్తుండగా లెడ్జరు మార్చకూడదు. మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద ఎం.కె.ఎఫ్.ఎస్. ఇస్తే ఇ.ఎక్స్.టి.4 పనిముట్టు తానే నిరాకరిస్తుంది. ఆ నిరాకరణను దాటించే ఆప్షన్లు ఉన్నాయి, వాటిని ఈ పాఠంలో చెప్పను. ఇక కమాండు:

ఎస్-యు-డి-ఓ (ఖాళీ) ఎం-కె-ఎఫ్-ఎస్-చుక్క-ఇ-ఎక్స్-టి-4 (ఖాళీ) మైనస్ పెద్ద ఎల్ (ఖాళీ) మీరు పెట్టదలచిన పేరు (ఖాళీ) స్లాష్-డి-ఇ-వి-స్లాష్-ఎస్-డి-బి-1

చివరి మాట మాత్రం కాగితం మీద పాస్ అయిన పేరే కావాలి, నేను వ్రాసిన ఎస్-డి-బి-1 కాదు. సుడో అంటే అధికారి సంతకంతో చేయిస్తున్నామని అర్థం, పాస్‌వర్డు అడుగుతుంది. సాహసానికి ముందు రిహార్సల్ కావాలంటే పేరుకు ముందు మైనస్ ఎన్ చేర్చండి. ఏమి చేయబోతుందో లెక్కలన్నీ చూపిస్తుంది గాని డిస్కు మీద ఏమీ వ్రాయదు.

పెన్ డ్రైవ్ అయితే ఒక్క క్షణం ఆలోచించండి. దాన్ని జిరాక్స్ షాపులో ఇస్తారు, కాలేజీలో పెడతారు. అక్కడ విండోస్ ఉంటుంది. విండోస్ తనంతట తాను ఇ.ఎక్స్.టి.4 ను చదవలేదు. చదవలేక 'దీన్ని ఫార్మాట్ చేయాలి' అని తెర మీద అడుగుతుంది. షాపు కుర్రవాడు అలవాటుగా సరే అని నొక్కితే మీ ప్రాజెక్టు రిపోర్టు అక్కడే ముగుస్తుంది. కనుక ఊరు తిరిగే పెన్ డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాట్ గాని ఫ్యాట్ 32 గాని ఉంచండి. ఫ్యాట్ 32లో ఒక ఫైలు 429,49,67,295 బైట్లకు, అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువకు మించకూడదు. లైనక్స్ డివిడి ఇమేజిలు కొన్ని ఇంతకంటె పెద్దవి. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ చిక్కు లేదు. ఎక్స్‌ఫ్యాట్ వివరాలను మైక్రోసాఫ్ట్ 2019లో బయటపెట్టాక లైనక్స్ కెర్నెల్‌లోనూ దానికి చోటు దొరికింది. ఒక హెచ్చరిక: ఫ్యాట్ తయారుచేసే ఎం-కె-ఎఫ్-ఎస్-చుక్క-వి-ఎఫ్-ఎ-టి, లోపల పాతది ఉందా అని అడగదు. నేరుగా పని ముగిస్తుంది. పాస్ చేసే మనిషి అవసరం అక్కడ ఇంకా ఎక్కువ.

తయారైన తరువాత

కొత్త డిస్కును మౌంట్ చేసి చూస్తే లోపల లాస్ట్-ప్లస్-ఫౌండ్ అనే ఫోల్డరు ఒకటి ఉంటుంది. చిరునామా పోయిన ఫైళ్ళు తనిఖీలో దొరికితే అందులో వేస్తారు. దాన్ని చెరపకండి. చాలామంది పిల్లలు ఇక్కడే కంగారు పడతారు. కొత్త డిస్కులో ఒక ఫైలు కూడా కాపీ కావడం లేదు, 'అనుమతి లేదు' అంటోంది, డిస్కు పాడు అని మళ్ళీ మళ్ళీ ఫార్మాట్ చేస్తారు. డిస్కు బాగానే ఉంది. అధికారి సంతకంతో తెరిచిన లెడ్జరు కనుక అది రూట్ పేరు మీద ఉంది. సి-హెచ్-ఓ-డబ్ల్యు-ఎన్ కమాండును సుడోతో ఇచ్చి, మౌంట్ అయిన ఫోల్డరును మీ పేరు మీదికి మార్చుకుంటే చాలు.

యంత్రం వెలిగించిన ప్రతిసారీ అది తెరుచుకోవాలంటే ఎఫ్-స్టాబ్ అనే జాబితాలో ఒక లైను వ్రాయాలి. అక్కడ ఎస్-డి-బి-1 అని వ్రాయకండి, ఆ పేరు మారుతుందని చెప్పాను కదా. ఇందాకటి యు.యు.ఐ.డి. వ్రాయండి, అది డిస్కు ఎక్కడ తగిలించినా మారదు. బయటి డిస్కు అయితే నో-ఫెయిల్ అనే మాట కూడా చేర్చండి. డిస్కు లేని రోజున యంత్రం దానికోసం ఎదురుచూస్తూ ఆగిపోకుండా ఉంటుంది.

పాత కంప్యూటరు ఇతరులకు ఇచ్చేటప్పుడు 'ఎం.కె.ఎఫ్.ఎస్. చేశాను, అంతా చెరిగింది' అనుకోవద్దు. తిరిగే రకం హార్డ్ డిస్కులో అది వ్రాసేది కొత్త లెడ్జరు పేజీలు మాత్రమే. పాత సమాచారం చాలా భాగం అలాగే పడి ఉంటుంది, తెలిసినవాడు తీయగలడు. ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న డిస్కు అయితే మొత్తం మీద సున్నాలు వ్రాయించి ఇవ్వాలి. ఎస్.ఎస్.డి. విషయం దాదాపు తలకిందులు. అక్కడ ఇ.ఎక్స్.టి.4 పనిముట్టు మొదటనే పాత పేజీలన్నీ ఇక అక్కరలేదని డిస్కుకు చెప్పేస్తుంది. ఆ తరువాత పొరబాటని గ్రహించినా తిరిగి రావడం దాదాపు అసాధ్యం. ఆ అబ్బాయి పాత డిస్కు ఎస్.ఎస్.డి. అయి ఉంటే ఆ పేర్లు లేని ఫోటోల కుప్ప కూడా దక్కేది కాదు.

అభ్యాసం

చివరగా మన భాషకు సంబంధించిన లెక్క ఒకటి. ఇ.ఎక్స్.టి.4 లో ఫైలు పేరు 255 బైట్లకు, డిస్కు లేబుల్ 16 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు. తెలుగులో అచ్చుకు, హల్లుకు, గుణింతపు గుర్తుకు, సున్నకు, పొల్లుకు విడివిడిగా 3 బైట్లు. కన్నడ, తమిళ, ఒడియా లిపులకూ 3 బైట్లే. కాబట్టి ఫైలు పేరులో ఇలాంటి గుర్తులు 85, లేబుల్‌లో 5 పడతాయి. 'చదువు' అనే మాటలో చ, ద, కొమ్ము, వ, కొమ్ము కలిపి 5. అంటే 15 బైట్లు, పడుతుంది. ఇప్పుడు యానాం, హోసూరు, బళ్ళారి, బరంపురం అనే నాలుగు ఊళ్ళ పేర్లు తీసుకుని, ఏది లేబుల్‌గా పడుతుందో ముందు కాగితం మీద లెక్కకట్టండి. తరువాత మన 'లెడ్జర్' ఫైలు మీద మైనస్ పెద్ద ఎల్‌తో వేసి చూడండి. పట్టనిదాన్ని కంప్యూటరు హెచ్చరించి చివర కత్తిరిస్తుంది. నాలుగింటిలో పట్టేది ఒక్కటే. బళ్ళారి పిల్లలు పొల్లును లెక్కించడం మరువరాదు.